మా గేటు పక్కనున్నది అశోక చెట్టు కాదట! ఊళ్ళో పేరుకీ శాస్త్రం పేరుకీ తేడా ఎలా తెలుసుకోవాలి?

మిద్దెతోట_కూకట్‌పల్లి
శనివారం, ఉదయం 8:40

అందరికీ నమస్కారం. మొన్న మా ఇంట్లో జరిగిన సంగతి చెప్పి మీ సాయం అడుగుదామని రాస్తున్నాను.

మా ఆడపడుచుకి కొన్ని నెలలుగా నెలసరి ఇబ్బంది ఉంది. అశోక బెరడు కషాయం తాగితే తగ్గుతుందని బంధువులెవరో ఫోన్‌లో చెప్పారు. మామయ్యగారు ఇంకో మాట వినకుండా చాకు పట్టుకుని కిందికి దిగారు. మా అపార్ట్‌మెంట్ గేటుకి రెండు పక్కలా అశోక చెట్లు వరసగా ఉంటాయి. అందులో ఒకదాని బెరడు జానెడు మేర చెక్కి తెచ్చారు. అత్తయ్య దాన్ని కడిగి, రోట్లో దంచి, నాలుగు గ్లాసుల నీళ్ళు పోసి స్టవ్ మీద పెట్టారు. నీళ్ళు సగానికి మరిగి ఎర్రగా మారేసరికి పైఫ్లోర్ ఆంటీ తోడు కోసం గిన్నె పట్టుకుని వచ్చారు. విషయం విని గిన్నె అక్కడే పెట్టేసి, "ముందు స్టవ్ కట్టెయ్యండి. అది అశోక కాదు, నరమామిడి" అన్నారు. వాళ్ళ నాన్నగారు పల్లెలో నాటువైద్యం చేసేవారట.

కషాయం పారబోశాం. రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. మా పెళ్ళికి ముందు నుంచీ ఆ చెట్టుని ఈ కాలనీలో అందరూ అశోక అనే అంటున్నారు. ఆటోవాళ్ళకి కూడా "అశోక చెట్ల అపార్ట్‌మెంట్" అనే చెబుతాం. మరి అసలు అశోక ఏది? ఇలా ఇంకెన్ని చెట్ల పేర్లు తప్పుగా పిలుస్తున్నాం? బెరడు పోయిన ఆ చెట్టు బతుకుతుందా?

---

రిటైర్డ్_బోటనీ
శనివారం, ఉదయం 9:25

అమ్మా, మీ పైఫ్లోర్ ఆవిడకి ముందు నా నమస్కారాలు చెప్పండి. ఆవిడ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం.

మన హైదరాబాద్‌లో గేట్ల దగ్గర, స్కూళ్ళ ప్రహరీల పక్కన సన్నగా స్తంభంలా పెరిగి, ఆకులు కిందికి వేలాడే చెట్టు నరమామిడి. శాస్త్రీయ నామం మోనూన్ లాంగిఫోలియమ్. కొన్నేళ్ళ కిందటి దాకా పాలియాల్థియా లాంగిఫోలియా అనేవాళ్ళం, పుస్తకాల్లో ఇంకా ఆ పేరే కనిపిస్తుంది. లాంగిఫోలియా అంటే పొడుగాకులది అని. మామిడి అన్నారు కదా అని ఇది మామిడికి చుట్టం కాదు, అశోకకీ కాదు. ఇది సీతాఫలం కుటుంబానికి చెందిన చెట్టు.

అసలు అశోకం సరాకా అశోకా. అది చింత, తంగేడు ఉన్న చిక్కుడు కుటుంబం. రెంటినీ పక్కపక్కన పెడితే చిన్నపిల్లలు కూడా తేడా చెప్పేస్తారు. నరమామిడి ఆకు ఒంటరి ఆకు, అంచు అలలు అలలుగా ఉంటుంది. అశోకానికి ఒక్కో రెమ్మకి నాలుగైదు జతల ఆకులుంటాయి. లేతాకులు రాగిరంగులో, తడిబట్ట ఆరేసినట్టు మెత్తగా వేలాడుతుంటాయి. నరమామిడి పువ్వు లేతాకుపచ్చ నక్షత్రం, ఆకుల మధ్య ఉందో లేదో కూడా తెలియదు. అశోకం పువ్వులు గుత్తులు గుత్తులుగా కొమ్మకే అంటుకుని పూస్తాయి, ముందు పసుపు కలిసిన నారింజ రంగులో ఉండి, రోజులు గడిచేకొద్దీ ఎర్రబడతాయి. నరమామిడి కాయలు పండితే నల్లగా రాలతాయి, గబ్బిలాలు తింటాయి. అశోకానికి బల్లపరుపు కాయలు కాస్తాయి.

బెరడు కోసం నరికీ నరికీ అసలు అశోకం అడవుల్లో బాగా తగ్గిపోయింది. ముప్పు ఉన్న జాతుల జాబితాలో ఉంది. అందుకే అమ్మే బెరడులో నరమామిడి బెరడు కలుస్తుంటుంది. మీ మామయ్యగారు చేసిన పొరపాటే వ్యాపారంలోనూ జరుగుతోంది. కొన్నిచోట్ల తెలియక, కొన్నిచోట్ల తెలిసే.

---

నర్సరీ_అన్న
శనివారం, ఉదయం 10:02

అక్కా, చెట్టు గురించి టెన్షన్ పడకండి. బెరడు చుట్టూ కంకణంలా వలిచేస్తేనే చెట్టు చస్తుంది, ఎందుకంటే ఆకులు చేసిన ఆహారం వేళ్ళకి దిగే దారి అదే. ఒక పక్క జానెడే కాబట్టి అంచుల నుంచి కొత్త బెరడు నెమ్మదిగా కమ్ముకుంటూ వస్తుంది. చీలికలుగా ఉన్న అంచులు పదునైన చాకుతో నున్నగా కోసి వదిలెయ్యండి. పెయింటు, సిమెంటు లాంటివి పూయొద్దు.

---

గోదారి_గట్టు
శనివారం, ఉదయం 11:15

చెట్లదాకా ఎందుకండీ, కూరగాయల బండి దగ్గరే మొదలవుతుంది ఈ గొడవ. నేను కాకినాడ నుంచి 2009లో హైదరాబాద్ వచ్చాను. మొదటి కార్తీకమాసంలో మా అమ్మ కంద బచ్చలి కూర చేస్తానంది. ఎర్రగడ్డ రైతు బజార్లో "కంద ఉందా?" అని అడిగితే ఆవిడ నిండుగా నవ్వి రెండు కిలోలు తూచి ఇచ్చింది. ఇంటికొచ్చి సంచి విప్పితే ఎర్రటి చిలగడదుంపలు! మర్నాడు వెళ్ళి అడిగితే, "కందగడ్డ అంటే ఇదే కదా సారూ, శివరాత్రికి ఉడకబెట్టుకుని తింటారు" అంది. ఆవిడ తప్పు చెప్పలేదు, నేనూ తప్పు అడగలేదు.

మా కంద అమార్ఫోఫాలస్ పెయోనిఫోలియస్. ఏనుగు పాదమంత దుంప, సరిగ్గా ఉడక్కపోతే నాలుక, గొంతు దురదెక్కి పోతాయి. ఆవిడ కందగడ్డ ఐపోమియా బటాటస్. అది తూటికాడ చుట్టం, పచ్చిగా కొరికినా తియ్యగా ఉంటుంది. అదే ఆవిడ మా వైపు వచ్చి కంద కొని పచ్చిగా కొరికి ఉంటే? పేరు ఒకటే కదా అని మా అమ్మ ఇప్పటికీ ఆశ్చర్యపోతుంది.

---

సిద్దిపేట_పిల్ల
శనివారం, మధ్యాహ్నం 12:30

గోదారి అన్నా, మాకు మీ చిలగడదుంప కందగడ్డే, కొందరు మొరంగడ్డ అని కూడా అంటారు. మీ గోంగూర మా పుంటికూర. మీ గంగపావిలి మా గంగవాయిలి, మీ గోరుచిక్కుడు మా గోకరకాయ. నేను హాస్టల్లో చేరిన కొత్తలో నా రూమ్మేట్ "రేపు గోంగూర పప్పు" అంటే ఏదో కొత్త కూరనుకున్నాను. ప్లేటులోకి వచ్చాక మా అమ్మ చేసే పుంటికూర పప్పే అని తెలిసి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ రోజు ఇల్లు గుర్తొచ్చింది.

ఇంకో సంగతి చెప్పాలి. రెండేళ్ళ కిందట బతుకమ్మకి తంగేడు పువ్వు దొరకలేదు. ఊళ్ళో అయితే బీడు భూముల్లోకి పోయి ఒడినిండా తెచ్చుకునేవాళ్ళం. ఇక్కడ మార్కెట్లో ఒకాయన తంగేడు అని చెప్పి పచ్చటి పూల కట్ట ఇచ్చిండు. ఇంటికి తెస్తే మా నాయనమ్మ చేత్తో పట్టుకుని చూసి, "ఇది తంగేడు కాదు బిడ్డా, దీనికి చెవులు లేవు" అన్నది. నాకు అర్థం కాలేదు. తంగేడు పువ్వుకి చెవులేంటి?

---

రిటైర్డ్_బోటనీ
శనివారం, మధ్యాహ్నం 1:10

అమ్మా సిద్దిపేట పిల్లా, మీ నాయనమ్మగారు వృక్షశాస్త్రం చదివారో లేదో నాకు తెలియదు కానీ, ఆవిడ చెప్పిన మాటే తంగేడు శాస్త్రీయ నామం! తంగేడు పేరు సెన్నా ఆరిక్యులేటా. ఆరిక్యులేటా అంటే చెవులున్నది అని అర్థం. తంగేడు రెమ్మ తీసుకుని, ఆకు కాడ కొమ్మని అంటిన చోట చూడండి. అక్కడ రెండు పక్కలా గుండ్రంగా, చెవి తమ్మెల్లాగా రెండు చిన్న ఆకుపచ్చ రెక్కలుంటాయి. పువ్వులు లేని రోజుల్లో కూడా తంగేడుని ఆ చెవులతో పట్టేయొచ్చు.

మీకు ఇచ్చింది బహుశా సీమ తంగేడు, సెన్నా సియామియా. రోడ్ల పక్కన పెంచే పెద్ద చెట్టు. పువ్వు పచ్చనే, ఇంటిపేరు కూడా సెన్నానే. కానీ చెవులుండవు. మన రాష్ట్ర పుష్పం చెవులున్న తంగేడే.

ఇంటిపేరు అన్నాను కదా, అదీ చెబుతాను. ప్రతి మొక్కకీ శాస్త్రంలో రెండు మాటల పేరుంటుంది. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ ఈ పద్ధతిని స్థిరపరిచాడు. మొదటి మాట ప్రజాతి, రెండోది జాతి. క్లాసులో నేను ఎప్పుడూ చెప్పేవాణ్ణి: ఇంగ్లీషువాళ్ళకి ఇంటిపేరు చివర వస్తుంది, మనకి ముందు వస్తుంది, మొక్కలకి కూడా మనలాగే ముందు వస్తుంది అని. సెన్నా అనేది ఇంటిపేరు. ఆ ఇంట్లో చెవులున్న పిల్ల ఆరిక్యులేటా, సయాం దేశం పిల్ల సియామియా. ఇంటిపేరు తెలిస్తే చుట్టరికం తెలుస్తుంది, రెండో పేరుతో మనిషి తెలుస్తుంది.

---

నర్సరీ_అన్న
శనివారం, సాయంత్రం 5:48

మాస్టారూ, మీమీద గౌరవంతోనే ఒక మాట. నేను పదిహేడేళ్ళుగా మొక్కలమ్ముతున్నాను. నా దగ్గరకొచ్చి "సరాకా ఇవ్వండి" అన్నవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది కూడా లేరు. "గేటుకి అశోక కావాలి, సన్నగా పైకి పోయేది" అంటారు. నేను అసలు అశోకం ఇస్తే, అది గొడుగులా పక్కలకి పెరిగి కాంపౌండ్ నిండా కమ్ముకుంటే నన్నే తిడతారు. వాళ్ళు అడిగింది నరమామిడే. అందుకని ఆ పేరుతో అదే ఇస్తాను. అందులో మోసం లేదు.

పైగా ఈ శాస్త్రం పేర్లు నిలకడగా ఉంటేనా? పాలియాల్థియా అని కష్టపడి నేర్చుకుంటే మోనూన్ అన్నారు. కేసియా ఆరిక్యులేటా అని బోర్డు రాయిస్తే సెన్నా అన్నారు. తుమ్మని అకేసియా అని చదువుకున్నాను, ఇప్పుడు అది కూడా కాదట. మా తాత వేప అన్నాడు, నేనూ వేప అంటున్నాను, నా మనవడూ వేపే అంటాడు. మరి ఏది స్థిరమైన పేరు?

---

తులసికోట
శనివారం, రాత్రి 7:20

నర్సరీ అన్న మాటకి నేను ఓటేస్తాను. నా బాధ ఇంకొకటి. తులసికి ఆసిమమ్ శాంక్టమ్ అని పేరుండేది. శాంక్టమ్ అంటే పవిత్రమైనది. ఎంత చక్కటి పేరు! ఇప్పుడు చూస్తే టెన్యుఫ్లోరమ్ అంటున్నారు, సన్నపూలది అట. మనం పూజించే మొక్కకి ఆ పేరు ఎందుకు తీసేశారో ఎవరైనా చెబుతారా? రోజూ దీపం పెట్టేటప్పుడు గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది.

---

రిటైర్డ్_బోటనీ
శనివారం, రాత్రి 9:05

ఇద్దరూ అడిగింది ఒకే ప్రశ్న, ఒకచోటే జవాబు రాస్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు తులసి. రెండు పేర్లూ పెట్టింది లిన్నేయసే. 1753లో ఆసిమమ్ టెన్యుఫ్లోరమ్ అన్నాడు. 1767లో మరో నమూనా చూసి, ఇది వేరే మొక్క అనుకుని ఆసిమమ్ శాంక్టమ్ అన్నాడు. తర్వాత శాస్త్రవేత్తలు పరిశీలిస్తే రెండూ ఒకటే మొక్క అని తేలింది. అలాంటప్పుడు నియమం ఏమిటంటే, ముందు అచ్చయిన పేరే నిలుస్తుంది. ఎంత అందమైన పేరైనా, ఎంత గొప్పవాడు పెట్టినా సరే, మినహాయింపులు చాలా అరుదు. కాబట్టి తులసి పవిత్రతని ఎవరూ కాదనలేదండీ, పద్నాలుగేళ్ళ ముందు వచ్చిన పేరుకి దాని స్థానం ఇచ్చారు. ఇంకో మాట. మీరు లక్ష్మి తులసి, కృష్ణ తులసి అని రెండు కోటల్లో పెట్టుకున్నా శాస్త్రానికి రెండూ ఒకే జాతి. ఇక్కడ మన పేర్లే ఎక్కువ వివరం చెబుతున్నాయి.

తుమ్మ సంగతి వేరు. అకేసియా అనే ఒకే ఇంటిపేరు కింద వెయ్యికి పైగా చెట్లుండేవి. పరిశోధించగా అదంతా ఒకే ఇల్లు కాదనీ, విడదీయాలనీ తేలింది. మరి ఉమ్మడి ఇల్లు విడిపోయినప్పుడు పాత ఇంటిపేరు ఎవరికి? ఎక్కువ చెట్లు ఆస్ట్రేలియావి. 2005లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభ ఆ పేరు ఆస్ట్రేలియా చెట్లకే ఇచ్చింది, 2011లో మెల్‌బోర్న్ సభ ఖాయం చేసింది. మన నల్ల తుమ్మ వాచెలియా నిలోటికా అయింది, చండ్ర సెనెగాలియా కటేచు అయింది. నాకు కూడా మొదట్లో కష్టంగానే అనిపించింది. నా చేత్తో వేల పేపర్ల మీద అకేసియా అని దిద్దాను.

అయితే నర్సరీ అన్న ఒకటి గమనించాలి. శాస్త్రం పేరు మారినప్పుడు పాత పేరు చెరిగిపోదు. ఇది ఒకప్పుడు ఫలానా పేరుతో ఉండేది అని జాబితాలో దానికింద రాసి ఉంచుతారు. ఏ పాత పేరు పట్టుకుని వెతికినా అదే మొక్క దగ్గరికి చేరతారు. అశోక అనే మాట పట్టుకుని వెతికితే అలా చేరలేరు కదా, గేటు దగ్గర ఒక చెట్టు, వైద్యంలో ఇంకో చెట్టు. మీరు గేటుకి నరమామిడి ఇవ్వడంలో మోసమేమీ లేదు, నేను ఒప్పుకుంటాను. కానీ అట్టముక్క మీద "అశోక" కింద "నరమామిడి" అని కూడా రాసి ఉంటే, ఎవరో ఒకరి మామయ్యగారు చాకు తీసుకునే ముందు ఆగుతారు.

---

నర్సరీ_అన్న
శనివారం, రాత్రి 9:31

రాస్తాను మాస్టారూ. రేపటి నుంచే.

---

బీఏఎంఎస్_ఫైనలియర్
ఆదివారం, ఉదయం 7:50

మిద్దెతోట గారూ, ముందుగా ఒక మాట. మీ ఆడపడుచు గారిని ఒకసారి గైనకాలజిస్టుకి చూపించండి. నెలసరి ఇబ్బందికి థైరాయిడ్ నుంచి గడ్డల దాకా పది కారణాలుంటాయి. కారణం తెలియకుండా అసలు అశోక బెరడు తాగినా ప్రయోజనం ఉండదు.

పేరు పొరపాటు ఎంత దూరం తీసుకెళ్తుందో మాకు క్లాసులో చెప్పే ఉదాహరణ తిప్పతీగ. కోవిడ్ రోజుల్లో అందరూ ప్రహరీ మీద పాకిన తీగ కోసుకొచ్చి మరిగించి తాగారు గుర్తుందా? అప్పుడు కొందరికి కాలేయం దెబ్బతిందని వార్తలొచ్చాయి. ఆయుష్ మంత్రిత్వ శాఖ వివరణ ఇస్తూ, తిప్పతీగలాగే కనిపించే వేరే తీగలున్నాయి, వాటితో పొరబడొద్దని హెచ్చరించింది. తిప్పతీగ టీనోస్పోరా కార్డిఫోలియా. దాని దాయాది టీనోస్పోరా క్రిస్పా. రెండింటి ఆకూ తమలపాకు ఆకారమే. కానీ క్రిస్పా కాండం నిండా బుడిపెలుంటాయి, వేలితో తడిమితే తెలుస్తుంది. తుంచితే పాలలాంటి రసం వస్తుంది. తిప్పతీగకి ఆ బుడిపెలుండవు. పువ్వుకి తిప్పతీగలో ఆరు రేకులు, క్రిస్పాలో మూడు. ఇంటిపేరు ఒకటే, రెండో పేరులో అంతా ఉంది.

బ్రహ్మి కూడా అంతే. ఒకచోట బ్రహ్మి అంటే మన సరస్వతి ఆకు, సెంటెల్లా ఏషియాటికా. ఇంకోచోట బ్రహ్మి అంటే నీళ్ళ ఒడ్డున చిన్న దళసరి ఆకులతో పాకే బకోపా మొనియెరి. రెండూ జ్ఞాపకశక్తికే వాడతారు కాబట్టి గందరగోళం ఇంకా ఎక్కువ. మందు సీసా మీద లాటిన్ పేరు చూసి కొనమని మా ఇంట్లోవాళ్ళకి చెబుతుంటాను.

---

పాతబస్తీ_నుంచి
ఆదివారం, ఉదయం 10:40

సలామ్ అందరికీ. గోల్కొండ నయా ఖిలాలో ఉన్న పెద్ద చెట్టు చూశారా ఎవరైనా? మేం హాతియాన్ కా ఝాడ్ అంటాం, ఏనుగుల చెట్టు అని. మొదలు దగ్గర నిలబడితే నిజంగానే నాలుగు ఏనుగులు ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డట్టుంటుంది. బెరడు కూడా ఏనుగు చర్మంలా బూడిద రంగులో ముడతలు ముడతలుగా ఉంటుంది. చిన్నప్పుడు మా అబ్బా నన్ను భుజాల మీద ఎక్కించుకుని చూపించారు. అది ఆఫ్రికా చెట్టని నాకు పెద్దయ్యాకే తెలిసింది. అడాన్సోనియా డిజిటాటా అట.

నా సందేహం ఏంటంటే, లక్నో నుంచి వచ్చిన మా కొలీగ్ దాన్ని చూడగానే "అరే, ఇది పారిజాత్!" అన్నాడు. వాళ్ళ వైపు బారాబంకీ జిల్లా కింతూర్ గ్రామంలో ఇలాంటి చెట్టుకి పూజలు చేస్తారట. మా పక్కింటి పిన్నిగారి వాకిట్లో పొద్దున్నే రాలే పూలని ఆవిడ పారిజాతం అంటారు. అవి చిటికెన వేలి గోరంత ఉంటాయి. ఏది పారిజాతం?

---

రిటైర్డ్_బోటనీ
ఆదివారం, ఉదయం 11:30

భాయ్, కింతూర్ చెట్టూ మీ గోల్కొండ చెట్టూ ఒకటే జాతి. డిజిటాటా అంటే వేళ్ళున్నది అని. ఆకు చాచిన అరచేతిలా ఉంటుంది, ఈసారి వెళ్ళినప్పుడు చూడండి. మీ పిన్నిగారి పారిజాతం నిక్టాంథిస్ ఆర్బర్-ట్రిస్టిస్. తెల్లటి రేకులు, నారింజ రంగు కాడ, తెల్లారకముందే రాలిపోవడం. ఆర్బర్ ట్రిస్టిస్ అంటే దుఃఖించే చెట్టు, ఆ రాలడం చూసే ఆ పేరు పెట్టారు.

పురాణాల్లో పారిజాతం దేవలోకం నుంచి వచ్చింది. ఒక్కో ఊరివాళ్ళు తమకి అద్భుతంగా తోచిన చెట్టుని ఆ పేరుతో పిలుచుకున్నారు. అందులో ఎవరిదీ తప్పని నేను అనలేను.

---

గోదారి_గట్టు
ఆదివారం, మధ్యాహ్నం 2:15

మా కాకినాడకీ శాస్త్రీయ నామాలకీ ఉన్న సంబంధం చెప్పకపోతే నాకు తోచదు. కరివేపాకు శాస్త్రీయ నామంలో కోనిగై అని వస్తుంది కదా? ఆ కోనిగ్ లిన్నేయస్ శిష్యుడు, యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. దక్షిణ భారతంలో ఏళ్ళ తరబడి తిరిగి మొక్కలు సేకరించాడు. 1785లో మా కాకినాడ జగన్నాథపురంలోనే కన్నుమూశాడు. మేం రోజూ పోపులో వేసే ఆకులో మా ఊళ్ళో పోయిన మనిషి పేరుందని తెలిసిన రోజున నేను కరివేపాకు రెమ్మ పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను.

ఆయన స్నేహితుడు విలియం రాక్స్‌బర్గ్ దగ్గర్లోని సామర్లకోటలో ఉండేవాడు. అక్కడే తోట పెంచి, కోరమాండల్ తీరం మొక్కల మీద బొమ్మలతో పెద్ద సంపుటాలు తయారు చేశాడు. అవి 1795 నుంచి అచ్చయ్యాయి. మొక్కల తెలుగు పేర్లు కూడా శ్రద్ధగా రాసుకున్నాడు. సోమిద చెట్టు ఉంది కదా, దాని శాస్త్రీయ నామం సోయిమిడా ఫెబ్రిఫ్యూగా. ఆ ఇంటిపేరు మన తెలుగు మాటే! ప్రపంచంలో ఎక్కడివాళ్ళు ఆ చెట్టు పేరు పలికినా తెలుగు పలుకుతున్నట్టే.

---

రిటైర్డ్_బోటనీ
ఆదివారం, మధ్యాహ్నం 2:50

చాలా సంతోషం కలిగించారు. ఒక్క ముక్క కలుపుతాను. కరివేపాకుకి 1771లో లిన్నేయస్ పెట్టిన పేరు బెర్గెరా కోనిగై. తర్వాత ముర్రయా కోనిగై అయింది, మేమంతా అదే చదువుకున్నాం. ఇప్పుడు మళ్ళీ బెర్గెరాకే వచ్చింది. ఇంటిపేరు రెండుసార్లు మారినా కోనిగ్ మాత్రం కదల్లేదు. అశోకానికి కూడా రాక్స్‌బర్గ్ మొదట జోన్సియా అశోకా అని పేరు పెట్టాడు, కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ స్థాపించిన విలియం జోన్స్ పేరు మీద. జోన్స్ పేరు పోయింది, అశోకా నిలిచింది.

---

మిద్దెతోట_కూకట్‌పల్లి
ఆదివారం, సాయంత్రం 6:05

ఇదంతా అత్తయ్యకీ మామయ్యగారికీ చదివి వినిపించాను. మామయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ తీసి, ఫ్యామిలీ గ్రూప్‌లో వచ్చిన ఒక మెసేజ్ చూపించారు. "రోజూ నాలుగు గన్నేరు ఆకులు నమిలితే షుగర్ మాయం" అని ఉంది. "ఇది కూడా అలాంటిదేనా అమ్మా?" అని అడిగారు. మాస్టారూ, మా మిద్దె మీద బిళ్ళ గన్నేరు ఉంది, కింద పార్కులో ఎర్ర గన్నేరు ఉంది. దయచేసి చెప్పండి.

---

రిటైర్డ్_బోటనీ
ఆదివారం, సాయంత్రం 6:18

ఆ మెసేజ్ వెంటనే తీసేయించండి. గ్రూప్‌లో అందరికీ ఫోన్ చేసి చెప్పండి. వేరే పని ఉన్నా ఆపి ఇది చేయండి.

గన్నేరు అంటే నీరియమ్ ఒలియాండర్. ఆకు, పువ్వు, కాడ, వేరు, అంతా విషం. గుండె లయనే దెబ్బతీస్తుంది. పచ్చ గన్నేరు వేరే మొక్క, కాస్కాబెలా థెవెటియా. దాని గింజ ఇంకా ప్రమాదం. బిళ్ళ గన్నేరు కాథరాంథస్ రోజియస్, షుగర్‌కి అని జనం చెప్పుకునేది దీన్ని. ఇందులో కూడా బలమైన రసాయనాలున్నాయి, ఇంట్లో నమలాల్సిన ఆకు కాదు. దేవ గన్నేరు ప్లూమేరియా, గుళ్ళలో ఉంటుంది. మెసేజ్ రాసినవాళ్ళు "బిళ్ళ" అనే రెండక్షరాలు వదిలేశారు. ఆ రెండక్షరాల్లో ప్రాణం ఉంది.

ఇప్పుడు కాస్త కుదుటపడి రెండో సంగతి చెబుతాను. ఈ నాలుగు గన్నేర్లలో బిళ్ళ గన్నేరు మడగాస్కర్ నుంచి, పచ్చ గన్నేరు, దేవ గన్నేరు అమెరికా ఖండం నుంచి మన దేశానికి వచ్చాయి. మనవాళ్ళు వాటిని చూసి, లాటిన్ తెలియకుండానే, నాలుగింటికీ గన్నేరు అని పేరు పెట్టారు. శాస్త్రం కూడా ఈ నాలుగింటినీ ఒకే కుటుంబంలో పెట్టింది! నాలుగు పువ్వులూ తెచ్చి పళ్ళెంలో పెట్టి చూడండి. అయిదేసి రేకులు, గాలిచక్రం తిరిగినట్టు ఒకే వైపుకి మెలిపడి ఉంటాయి. మొగ్గని చూస్తే గొడుగు మడిచినట్టే. మన పెద్దల కన్ను అంత నిశితమైనది. చుట్టరికం సరిగ్గానే పట్టుకున్నారు. విషం ఏ ఇంట్లో ఎంతుందో చెప్పడానికి మాత్రం ఆ పేరు సరిపోదు.

బిళ్ళ గన్నేరు నుంచే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందులు తీస్తారు. ఆ మొక్కకి అప్పట్లో విన్కా రోజియా అని పేరు. మొక్క పేరు మారింది, మందుల పేర్లలో విన్కా అలాగే ఉండిపోయింది.

---

మిద్దెతోట_కూకట్‌పల్లి
ఆదివారం, రాత్రి 8:40

తీసేయించాం. పదకొండు మందికి ఫోన్ చేశాం, ఒక పెద్దమ్మ అప్పటికే ఆకులు కోసి ఫ్రిజ్‌లో పెట్టారట. పారేయించాం. మామయ్యగారే దగ్గరుండి మాట్లాడారు. ఆడపడుచుకి రేపు సాయంత్రం డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాం.

---

మిద్దెతోట_కూకట్‌పల్లి
తర్వాతి ఆదివారం, ఉదయం 9:15

స్కాన్‌లో చిన్న ఫైబ్రాయిడ్ ఉందని తేలింది, మందులు మొదలుపెట్టారు. భయపడాల్సింది లేదన్నారు.

ఇంకో కబురు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో మాట్లాడి ప్రతి చెట్టుకీ పేరు పలక కట్టిస్తున్నాం. పైన తెలుగు పేరు, కింద శాస్త్రం పేరు. రాసేది మామయ్యగారే, ఆయన చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. మొదటి పలక ఆయన బెరడు చెక్కిన నరమామిడికే కట్టారు. కానుగ, వేప, పచ్చ తురాయి, నేరేడు అయిపోయాయి. ఒక్కటే తెలియడం లేదు. సెక్యూరిటీ రూమ్ పక్కన పెద్ద చెట్టు. ఈ వారమే గుత్తులుగా లేతాకుపచ్చ తెల్లపూలు పూసింది, చీకటి పడితే వాసనకి కొందరికి తలనొప్పి వస్తోంది. వాచ్‌మన్ దాన్ని దెయ్యం చెట్టు అంటున్నాడు.

---

రిటైర్డ్_బోటనీ
తర్వాతి ఆదివారం, ఉదయం 9:40

ఆకు తుంచితే పాలు వస్తున్నాయా? కొమ్మ మీద ఒక్కో చోట ఆకులు చుట్టూ చక్రంలా ఉన్నాయా? ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

---

మిద్దెతోట_కూకట్‌పల్లి
తర్వాతి ఆదివారం, ఉదయం 10:05

మామయ్యగారు ఇప్పుడే కిందికి వెళ్ళి చూసొచ్చారు. తెల్లటి పాలు వస్తున్నాయి. చక్రంలాగే ఉన్నాయి. ఒకచోట ఏడు, ఒకచోట ఆరు, ఇంకోచోట అయిదు. ఏది లెక్కలోకి తీసుకోవాలి?

---

రిటైర్డ్_బోటనీ
తర్వాతి ఆదివారం, ఉదయం 10:20

అన్నీ తీసుకోండి. ఏడాకుల పాల అది. పేరులో ఏడున్నా ఆకులు నాలుగు నుంచి ఎనిమిది, ఇంకా ఎక్కువ కూడా ఉండొచ్చు. శాస్త్రం పేరు ఆల్‌స్టోనియా స్కాలరిస్. స్కాలరిస్ అంటే బడికి సంబంధించినది. దీని చెక్కతో పిల్లలు రాసుకునే పలకలు చేసేవారు. ఇది కూడా గన్నేరు కుటుంబమే, పువ్వు రేకుల మెలిక చూడండి. ఆ పాలు కళ్ళకి తగలనివ్వకండి, మామయ్యగారిని చేతులు సబ్బుతో కడుక్కోమనండి.

---

మిద్దెతోట_కూకట్‌పల్లి
తర్వాతి ఆదివారం, ఉదయం 10:32

కడుక్కున్నారు. పలక రాస్తున్నారు. ఏడాకుల పాల, ఆల్‌స్టోనియా స్కాలరిస్. కింద చిన్న అక్షరాలతో "మందుకి కోయరాదు" అని కూడా రాస్తానంటున్నారు.